మూడు ఫైళ్ళ అక్క

నాగర్‌కర్నూల్‌లో డాక్టరు నా రిపోర్టు చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "రోజుకు ముప్పావుగంట నడవాలి సార్" అన్నాడు. ఆ మాట వినగానే నా నోట్లో మన్ను రుచి తగిలింది. నాలుక మీద సన్నగా, గరగరగా, ఉప్పు ఉప్పుగా. పక్కనే కూర్చున్న మా ఆవిడ నేను పెదాలు తుడుచుకోవడం చూసి "ఏమైంది?" అంది. ఏం చెప్పను? పొద్దుటి నడక అనగానే మన్ను గుర్తొచ్చేవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే ఉంటాను.

ఆ మన్ను గద్వాలది. దాన్ని ఆరు నెలలపాటు నా నోట్లో పోసింది ఒక అక్క. పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. "నా పేరు రాస్తె నీకేమొచ్చె, నాకేమొచ్చె?" అని ఫోన్ చేసి నిలదీస్తుంది.

పాన్‌గల్ పక్క పల్లె నుంచి మొదటి ఉద్యోగానికి గద్వాల వెళ్ళిన కొత్త. పెళ్ళి కాలేదు, వంట రాదు, లాడ్జిలో దిగాను. రెవెన్యూ ఆఫీసులో చేరిన రోజునే ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న సీనియర్ అసిస్టెంటు, తెల్లబడ్డ జుట్టును గట్టిగా ముడేసుకున్న ఆవిడ, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"యాడ దిగినవ్ తమ్మీ?"

"లాడ్జిల అక్కా."

"లాడ్జి తిండి తిన్నవనుకో, ముప్పైకే షుగరొస్తది. నాకు చూడు, యాభై దాటినంక వచ్చింది, అదే మస్తు పరేషాన్ చేస్తుంది. మా ఇంట్ల ఒక అర్ర ఖాళీగుంది. వంటకు చిన్న మూల గూడ ఉంది. వస్తె రా."

ముప్పైకే వస్తుందంది. వచ్చింది. ఆమె ఏదన్నా ఊరికే అనదు.

ఇల్లు కోట వెనక సందులో. పాత మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన కట్టెలు, ఆ పైన మన్ను, అన్నిటికీ పైన చౌడు. చౌడు మన్నుకు నీళ్ళు తగిలితే బిగుసుకుని కిందికి చుక్కను దిగనివ్వదు. కానీ ఏటా వానలకు ముందు కొత్తది పోసి, బాగా తొక్కి గట్టిపరచాలి. ఆ తొక్కడం సరిగ్గా లేకపోతే వానాకాలంలో ఇంట్లో గిన్నెలన్నీ నేల మీదే ఉంటాయి. నేను చేరిన మొదటి వానకే ఆ ఇంట్లో ఎన్ని గిన్నెలున్నాయో నాకు తెలిసిపోయింది.

"స్లాబు వేయించుకోవచ్చు కదక్కా" అన్నాను తల తుడుచుకుంటూ.

"స్లాబేస్తె ఎండకాలం ఫ్యాను తిరగాలె, కూలరు తిరగాలె. మిద్దె కింద సల్లగ నిద్ర వస్తది. కురిస్తె కురిసింది, గిన్నెలున్నయి" అంది, నాకు ఇంకో గిన్నె అందిస్తూ.

అసలు కథ దసరా సెలవులైన తర్వాత మొదలైంది. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా విప్పి, జొన్నరొట్టె తుంచి, గోంగూరలో అద్దుకుంటూ చాలా మామూలుగా చెప్పింది. "నేను వచ్చే జూన్ల రిటైరైతున్న."

నేను లెక్కేశాను. ఆమెకు యాభై మూడు. రిటైర్మెంటు అరవై ఒకటికి. "ఇంకా ఎనిమిదేండ్లు ఉంది కదక్కా?"

"నాకుంది. మా ఆయనకు లేదు."

ఆయన పోయి ఇరవై ఎనిమిదేళ్ళు. అదే ఆఫీసులో, అదే బల్ల దగ్గర పనిచేస్తూ, ముప్పై మూడేళ్ళకే జ్వరంతో పోయాడు. ఏడాది పిల్లను చంకలో పెట్టుకున్న ఇరవై అయిదేళ్ళ ఈమెకు ఆ కుర్చీ ఇచ్చారు. కారుణ్య నియామకం అంటారు దాన్ని. మొదటి రోజు బల్ల సొరుగు లాగితే ఆయన సగం వాడిన పెన్ను, వక్కపొడి పొట్లం ఉన్నాయట. పెన్ను వాడేసింది. వక్కపొడి పారేసింది. ఉద్యోగం మాత్రం ఎన్నడూ తనదనుకోలేదు.

"ఇది ఆయన సర్వీసు తమ్మీ. మధ్యల ఇడిసిపెట్టి పోయిండు, నేను చేస్తున్న. ఆయనుంటె వచ్చే జూన్ నెలాఖరుకు రిటైరయ్యేటోడు. అదే రోజు నేను గూడ దిగిపోత."

"దిగిపోయి ఏం చేస్తరు?"

ఆమె నా వైపు వంగి, రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించింది. "ఏం చెయ్య. ఏం చెయ్యకపోవుడే చేస్త. పొద్దెక్కేదాక పండుకుంట. ఇరవై ఎనిమిదేండ్లాయె, నాలుగున్నరకు లేస్తున్న. ఒక్కసారన్న నేను పండుకోనుంటె ఎవలన్న ఇంకొకలు లేసి పని చేస్తుంటె చూడాలె." అని పకపకా నవ్వింది. పండుకుని ఎట్లా చూస్తారక్కా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అయితే ఆ నవ్వుకు అడ్డంగా కూతురుంది. వనపర్తి దవాఖానలో నర్సు, కాపురం అక్కడే. తల్లి మాట వినగానే బస్సెక్కి వచ్చింది. వచ్చి, వాకిట్లో చెప్పులైనా విడవకుండా మూడు షరతులు పెట్టింది. ఒకటి, పెన్షన్ వస్తే జీతంలో సగమే వస్తుంది, కాబట్టి ఆరు నెలలు సగం జీతంతో బతికి చూపాలి. రెండు, మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్షలో అంకె దిగాలి. మూడు, ఇల్లు కురవకూడదు. మూడూ జరిగితేనే దరఖాస్తు.

"షుగరుతోని, కురిసే ఇంట్ల, సగం పైసలతోని ఒక్కదానివే ఉంటవా? నేను ఒప్ప" అంది.

"నా రిటైర్మెంటుకు నీ ఒప్పుకోలేంది?"

"నాన్నదని నువ్వే అంటివి కద. నాన్నకు నేను బిడ్డనే."

అక్క లోపలికెళ్ళి గోడమీది క్యాలెండరు తీసుకొచ్చింది. స్వచ్ఛందంగా దిగిపోవాలంటే మూడు నెలల ముందు దరఖాస్తు ఇవ్వాలి. అంటే మార్చి నెలాఖరు గడువు. అప్పటికి మూడు షరతులూ తీరకపోతే ఆయన రిటైరయ్యే రోజు వచ్చి వెళ్ళిపోతుంది, ఆమె ఆ కుర్చీలోనే ఉంటుంది.

మర్నాడే ఆమె మూడు ఫైళ్ళు తెరిచింది. అట్టతో చేసినవి కావు, నోటితో చేసినవి. ఇల్లు ఫైలు, పైసల ఫైలు, పానం ఫైలు. పానమంటే ఒళ్ళు, ఆరోగ్యం. ఇక ఏ పని ముట్టుకున్నా ముందు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇది మూడు ఫైళ్ళల పడ్తదా?" ఒక పని మూడింటికీ పనికొస్తేనే చేస్తుంది. ఒక్క ఫైలుకే పనికొచ్చే పనిని చూస్తే, చెప్పులు తొడుక్కుని ఆఫీసుకొచ్చిన వాణ్ణి మా పాత ఆఫీసరు చూసినట్టు చూసేది.

చాయ్‌లో చక్కెర మానేసింది. పానం ఫైలు సరే, పైసల ఫైలూ సరే. ఇల్లు ఫైలు ఎట్లా అంటే, "చక్కెర లేకుంటె చీమలు రావు. చీమలు రాకుంటె గోడలల్ల బొక్కలు వెయ్యవు" అంది. పాడైన మిక్సీని బాగు చేయించకుండా అమ్మేసి రోలు బయటికి తీసింది. రోలు దింపడానికి నన్ను పిలిచింది. నా నడుము పట్టేసింది. "నీ పానం ఫైలు గూడ తెరిసినం పో" అని వేడినీళ్ళ కాపడం పెట్టింది.

నేను ఓ శుక్రవారం ఆమెను సంతలో మిరపకాయ బజ్జీల బండి దగ్గర పట్టుకున్నాను. చేతిలో నాలుగు. నోట్లో ఒకటి.

"అక్కా, ఇది ఏ ఫైలు?"

ఆమె ఏ మాత్రం తడబడలేదు. నమిలి, మింగి, చెప్పింది. "మిరపకాయ కూరగాయనే కద, పానం ఫైలు. ఈ కాయితం చూడు, ఎంత నూనె పీల్చిందొ. ఇంటికి తీస్కపోయి తలుపు బందులకు రుద్దుత, కిర్రుమనవు. ఇల్లు ఫైలు. నూనె కొనే పని తప్పె, పైసల ఫైలు." అని ఒక బజ్జీ నాకిచ్చి, "మా పిల్లకు చెప్పకు" అంది. ఇంటికెళ్ళి నిజంగానే కాగితం తలుపులకు రుద్దింది. ఆ తలుపు వారం రోజులు బజ్జీ వాసన వేసింది. దాన్ని తెరిచినప్పుడల్లా నాకు ఆకలేసేది.

ఇక నడక. డాక్టరు ఆమెకూ ముప్పావుగంటే చెప్పాడు. మొదట నది వైపు నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు నడుమ్మీద చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబడి, మిద్దె వైపు చూసింది. ఆ చూపులో నా ఆరు నెలల మన్ను ఉందని నాకప్పుడు తెలియదు.

మల్దకల్ వైపు పొలం నుంచి ట్రాక్టరు చౌడు తెప్పించింది. కూలీలను పెట్టలేదు. తట్టలతో తనే ఎక్కించింది, నాతో ఎక్కించింది. పరిచింది. తొక్కాలంటే మనుషులు కావాలి, నడకంటే నేల కావాలి. "మిద్దె మీద నడుస్త" అంది. "నడిచినట్టు గూడ అయితది, తొక్కినట్టు గూడ అయితది, కూలి మిగులుతది. చూసినవా తమ్మీ, మూడు ఫైళ్ళు ఒక్క దెబ్బకు!" సంతోషం పట్టలేక నా భుజం మీద ఒక్కటి చరిచింది.

మర్నాడు పొద్దున అయిదింటికి నా నెత్తి మీద దబ్, దబ్, దబ్. దంతెల సందుల్లోంచి మన్ను జలజలా రాలి తెరిచిన నా నోట్లో పడింది. నేను నోరు తెరిచి పడుకుంటానన్న సంగతి ఆ రోజే తెలిసింది. రెండో రోజు దుప్పటి ముసుగేశాను. మూడో రోజు మంచం మీద గొడుగు విప్పి పెట్టుకున్నాను. వారానికల్లా గొడుగు మీద పడే మన్నును బట్టి అక్క ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పగలిగేవాణ్ణి.

ఒక్కదానితో సరిపోలేదు. ముందు పక్కింటి ఖాలా వచ్చింది. అత్తరు దుకాణం వాళ్ళ పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులు, మనిషి నిండుగా ఉంటుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద నేను, పైన అక్క. పైకెక్కి ఒక చుట్టు తిరిగేసరికి నా గొడుగు వంగింది.

"దేఖో, నా ఒక్క చుట్టు మీ మూడు చుట్లతోని సమానం" అని పై నుంచి గర్వంగా అరిచింది ఖాలా. "మేరేకు కూలి ఇయ్యాలె నువ్వు!"

"మోకాళ్ళ నొప్పి తగ్గితె నువ్వే నాకియ్యాలె ఖాలా!" అంది అక్క.

తర్వాత సందులో మిగతా ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చారు. సంక్రాంతి నాటికి మా మిద్దె మీద పొద్దున్నే పదిమంది. నవ్వులు, కోడళ్ళ మీద ఫిర్యాదులు, కూరల ధరలు, మధ్యలో దగ్గులు. కింద నేను, గొడుగు. ఇల్లు ఇంత సందడిగా ఊగుతుంటే నాకు కోపం రావాల్సింది. నిజం చెబుతున్నాను, రాలేదు. అలారం పెట్టుకోకుండా నిద్రలేచి నవ్వుకుంటూ స్నానానికి వెళ్ళిన రోజులవి. ఖాలా పిండి కలిపేటప్పుడు కూడా ఇప్పుడు మోకాలు నొప్పి లేదంటూ కాలు మడిచి చూపించేది.

ఫిబ్రవరిలో కూతురు తనిఖీకి వచ్చింది. తల్లి వేలు గుచ్చి షుగరు చూసింది, కనుబొమ్మలు పైకెత్తింది. సగం జీతంతో బతుకుతోందనడానికి సాక్ష్యంగా ఖాళీ డబ్బాల వరస చూసింది. తర్వాత మిద్దెక్కి, రెండు నిమిషాలు చూసి, పగలబడి నవ్వింది.

"అమ్మా, ఏంది గిది? బీచుపల్లి ఆంజనేయసామి గుడి అనుకున్నరా?"

అన్నాళ్ళూ అందరూ గుండ్రంగానే తిరిగారు. మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలిన కంత ఉంటుంది, గవాక్షి అంటారు. దాని చుట్టూ, గుడిలో చేసినట్టే, కుడిచేతి వైపుగా నాలుగు నెలలు ప్రదక్షిణ చేశారు. పదిమందిలో ఒక్కరికి కూడా ఎదురు తిరగాలని గానీ మూలకు వెళ్ళాలని గానీ తోచలేదు. ఆ గుండ్రటి బాట రాయిలాగా బిగుసుకుంది. నాలుగు మూలలూ పోసిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే గుల్లగా ఉన్నాయి. ఖాలా చెంపలు వాయించుకుని, "నేను గూడ తిరిగిన! మా ఇంట్ల చెప్పకుండ్రి" అంది. ఆ రోజు మిద్దె మీద కూర్చుని అందరూ ఎంత నవ్వారంటే, చౌడు ఆ నవ్వులకే బిగుసుకుని ఉండాలి.

"మూలలు నేను చూసుకుంట" అంది అక్క. మర్నాటి నుంచి ఒక్కొక్క మూలలో నిలబడి, అక్కడికక్కడే గంతులేసినట్టు తొక్కింది.

మార్చి చివరి ఆదివారం వచ్చింది. షుగరు రిపోర్టు బాగుంది. పైసల షరతు తీరింది. మిగిలింది వాన. గద్వాలలో మార్చిలో వాన ఎక్కడిది?

"వాన రాకుంటె నేను తెప్పిస్త" అంది అక్క. నీళ్ళ ట్యాంకరు పిలిచింది. డ్రైవరు పైపు మిద్దె మీదికి పంపి, "అక్కా, తొట్టి యాడుంది?" అని అడిగాడు. "తొట్టి లేదు, మిద్దె మీదనే పొయ్యి" అంటే అతను కాసేపు ఇంజను బందు చేసి కూర్చున్నాడు.

పైపుతో కొడితే చౌడు కొట్టుకుపోతుంది, వాన వానలాగే పడాలి. కాబట్టి ఎవరింటి జల్లెడ వాళ్ళు తెచ్చుకున్నారు. ఆరుగురు జల్లెడలు పట్టుకుంటే నలుగురు బిందెలతో వాటిలో పోశారు. ఎర్రటి ఎండలో మా ఒక్క ఇంటి మీద ముసురు పట్టింది. ఖాలా మధ్యమధ్యలో "గడగడగడ" అని ఉరుము అయింది. పక్క సందులో ఒకావిడ ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చి ఆరేసిన బట్టలు తీసి, ఆకాశం చూసి, మళ్ళీ ఆరేసింది.

కింద కూతురు పాత పేపర్లు పరిచి, టార్చి పట్టుకుని గది గదీ తిరుగుతోంది. నా అర్ర బాధ్యత నాది. గంట గడిచింది. పెద్దింట్లో పేపర్లన్నీ పొడిగా ఉన్నాయి. కూతురి మొహంలో నర్సు పోయి బిడ్డ కనిపించడం మొదలైంది.

అప్పుడు నా వంటమూలలో, పొయ్యికి సరిగ్గా పైన, దంతె చివర తడి మరక కనిపించింది. చూస్తుండగానే అర్ధరూపాయంత అయింది. ఒక చుక్క వేలాడింది. జారి, నా అన్నం గిన్నె మూత మీద టప్పున పడింది. రెండోది పడబోతుంటే నేను చెయ్యి చాపి పట్టుకున్నాను. ఎందుకు చాపానో ఆలోచించలేదు.

నా అర్ర గుమ్మం ఎదుటి గవాక్షిలోంచి అక్క తల దిగింది. తలకిందులుగా, జుట్టంతా తడిసి, నీళ్ళు కారుతూ. "తమ్మీ, నీ దిక్కు ఎట్లుంది?"

నేను పిడికిలి బిగించాను. "ఒక్క చుక్క లేదక్కా."

"సరిగ చూసినవా?"

"చూసిన."

"వంటకాడ?"

"వంటకాడ గూడ. ఎండిపోయి ఉంది."

ఆమె నన్ను ఇంకొంచెంసేపు చూసింది. తలకిందులుగా ఉన్న మొహంలో ఏముందో పోల్చుకోలేకపోయాను. తర్వాత "సరే" అని తల తీసేసింది. మరుక్షణం పైన కేకలు, ఈలలు, ఖాలా ఉరుములు. పదిమంది ఆడవాళ్ళు తడి చౌడు మీద ఎగిరితే నా మీద ఎంత మన్ను రాలిందో చెప్పను. కూతురు పేపర్లన్నీ గాల్లోకి విసిరేసి నిచ్చెన వైపు పరుగెత్తింది. నా పిడికిట్లో చుక్క మాత్రం అలాగే ఉంది. అబద్ధం చెప్పానని నాకు తెలుసు. అయినా ఆమె ఆ కుర్చీ దిగిపోవాలని, ఆమె కంటే నేనే ఎక్కువ కోరుకున్నానేమో.

మర్నాడు దరఖాస్తు ఇచ్చింది. ఆఫీసరు మంచివాడే. "ఇంకో ఎనిమిదేళ్ళ సర్వీసు మేడమ్, ఒకసారి ఆలోచించండి" అన్నాడు.

"ఆలోచించేదేమి లేదు సార్. ఆయన సర్వీసు జూన్ దాకనే ఉంది. నాది కాని దాంట్ల ఇంకా కూసుంటె దాన్ని కబ్జా అంటరు. మన ఆఫీసుల రోజు గవే ఫైళ్ళు కద" అంది. ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టాడు.

జూన్ నెలాఖరున ఆఫీసు గేటుకు పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ఆమే కొట్టించింది. "ఉద్యోగ విరమణ శుభాకాంక్షలు" అని పైన పెద్దక్షరాలు. కింద రెండు ఫోటోలు. ఒకటి అక్కది. రెండోది ఆయనది. సర్వీసు రిజిస్టరులో అంటించిన నలుపు తెలుపు ఫోటోను గోడంత చేయించింది. నల్లటి ఒత్తు జుట్టు, బలమైన మీసం, కొత్త అల్లుడి కళ్ళు. ముప్పై మూడేళ్ళ పిల్లగాడు అరవై ఒకటికి రిటైరవుతున్నాడు.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి ఆగి చూశారు. సైకిలు మీద పాల క్యానులు పెట్టుకున్న ఒకాయన నన్ను పిలిచి, "ఏంది సారూ, గింత చిన్న వయసుల రిటైరైతుండు? లంచం కేసా?" అని అడిగాడు. నేను నోట్లో రుమాలు కుక్కుకున్నాను.

అక్క పెళ్ళినాటి గద్వాల చీర కట్టుకుని వచ్చి, ఫ్లెక్సీ ముందు నిలబడి తల అటూ ఇటూ వంచి చూసింది. "ఆయన పక్కన అత్త లెక్క కనవడ్తున్న గద?" అంది నాతో. నవ్వుతూనే అంది. కానీ పైట కొంగుతో ఫ్లెక్సీ మీద ఆయన మొహం ఉన్న చోట దుమ్ము తుడిచింది, రెండుసార్లు.

సన్మానంలో శాలువాలు, దండలు, ఉపన్యాసాలు అన్నీ అయ్యాక ఆమెను మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని ఒకే ముక్క చెప్పింది. "మా ఆయన ఆఫీసు పని ఇంటికి మోసుకొస్తుండె. ఇరవై ఎనిమిదేండ్లు నేను మోసిన. ఇయాల అయిపోయింది. అందరికీ దండం." మైకు ఇచ్చేసి కూర్చుంది. ముందు వరసలో కూతురు, ఖాలా ఒకరి కొంగుతో ఒకరు కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆ సాయంత్రం నిజం వాన వచ్చింది. ఆ ఏడాది మొదటి పెద్ద వాన. నేను నా వంటమూల వైపు పరుగెత్తేసరికి అక్క అప్పటికే అక్కడుంది. మెడలో బంతిపూల దండ ఇంకా తీయలేదు. చేతిలో ఒక స్టీలు గిన్నె. పైకి చూడలేదు, లైటు వేయలేదు. పొయ్యి పక్కన ఒకచోట గిన్నె పెట్టింది. పెట్టీ పెట్టగానే చుక్క సరిగ్గా నడుమ పడింది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "అక్కా, మీకు తెల్సా?"

"తెల్వకేంది. ఈ మూల నేను తొక్కనే లేదు గద."

"అన్ని మూలలు తొక్కుతున్న అనుకున్న."

"మూడు తొక్కిన. ఈ మూల కింద నీ అన్నం గిన్నె ఉంటది. నేను మూలలు తొక్కే యాళకు నువ్వు పొయ్యి మీద బియ్యం పెడ్తవ్. పైన కాలేస్తె మన్నంత దాంట్లనే పడ్తది. ఒక్క పూట గూడ పిల్లగాడు మన్ను లేని బువ్వ తినొద్దా?"

గిన్నెలో చుక్కలు పడుతున్నాయి. లోపలికొచ్చి అడిగాను. "మరి తెల్సి గూడ ఆ రోజు నన్నెందుకు అడిగిండ్రు? రెండు మూడు సార్లు అడిగిండ్రు."

ఆమె నా బియ్యం డబ్బా మీద కూర్చుంది. దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కురుస్తుందంటవేమొ అని భయమాయె తమ్మీ. నువ్వు చుక్క ఉందని ఒక్క మాటంటె ఆగిపోదును. మా పిల్ల నన్ను పొమ్మనదు, దానికి భయం. పొమ్మనేటందుకు ఆయన లేడు. ఇరవై ఎనిమిదేండ్లల 'ఇగ చాలు, నువ్వు పో' అన్న మనిషి ఒక్కడు లేడు నాకు. చేతిల నీళ్ళు పట్టుకొని నువ్వన్నవ్."

నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను, ఇంకా తడిగా ఉన్నట్టు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "తడి ఆరకముందే తొక్కితె చౌడు మంచిగ బిగుస్తది. పొద్దున్నే ఈ మూల తొక్కుదామా అక్కా?"

ఆమె లేచి, ఒళ్ళు విరుచుకుని, పెద్దగా ఆవులించింది. "నేను పండుకుంట. నువ్వు తొక్కుపో."

పొద్దున అయిదింటికి నేను మిద్దెక్కాను. వాన వెలిసింది. ఆ మూలలో నిలబడి, చప్పుడు కాకుండా, మెల్లమెల్లగా తొక్కాను. ఏడున్నరకు కూడా అక్క గది తలుపు వేసే ఉంది.